పాడని షడ్జం

సంధ్యవేళ మన పెద్దలకు ఎప్పుడూ సందిగ్ధమైన వేళే. అది పగలు కాదు, రాత్రీ కాదు. హిరణ్యకశిపుడు ఎంతో తెలివిగా కోరుకొన్న వరంలోని ముడి విడిపోయినది ఆ ఘడియలోనే. ఆ వేళ నిద్రపోరాదన్నారు, భోజనం చేయరాదన్నారు, గడపమీద కూర్చోరాదన్నారు, దీపం వెలిగించి వీధితలుపు తెరిచి ఉంచమన్నారు. రెండింటి నడుమ ఉన్నదానిని జాగ్రత్తగా దాటించవలెనన్న భావం ఈ నియమాలన్నిటా కనిపిస్తుంది.

హిందూస్థానీ సంగీతజ్ఞులు ఈ వేళకు కొన్ని రాగాలను ప్రత్యేకంగా కేటాయించారు. ఉదయసంధ్యకు కొన్ని, సాయంసంధ్యకు కొన్ని. వీటికి సంధిప్రకాశ రాగాలని పేరు. సాయంసంధ్యకు చెందిన వానిలో మార్వా ఒకటి. ఆ రాగం స్వరూపాన్ని గురించి, అది మా మనస్సులో లేవదీసిన ఒక ధర్మసందేహాన్ని గురించి ఈ సంచికద్వారా పాఠకులతో నాలుగు మాటలు చెప్పుకొనవలెనని మా కోరిక.

మేము షోలాపూరులో పుట్టి పెరిగినవారము. మా తాతముత్తాతలు తెలంగాణా పల్లెలనుంచి మగ్గపు పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో మొదట మరాఠీ, తర్వాత ఇంగ్లీషు: ఇది మా తరానికి విధింపబడిన క్రమం. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న ఒక తెలుగు కుటుంబంలో పెద్దాయన చిన్ననాట కర్ణాటక సంగీతం కొంత నేర్చుకొన్నవారు. భజనలలో హార్మోనియం వాయిస్తారు. ఆయన మనుమడు ఒక మరాఠీ గురువుగారి వద్ద హిందూస్థానీ గాత్రం అభ్యసిస్తున్నాడు. ఒకనాటి సాయంకాలం గురువుగారు వారింటికే వచ్చి పాఠం చెబుతుండగా మేమూ అక్కడ ఉన్నాము. పిల్లవాడు మార్వా స్వరాలు ఆరోహించి అవరోహించాడు. పెద్దాయన ముఖం వికసించింది.

"ఇది మన హంసానందే గదరా! దీనికింత కొత్త పేరెందుకు?" అన్నారు.

గురువుగారు నవ్వి, "స్వరాలు అవే, ఆజోబా. రాగం అది కాదు" అన్నారు.

పిల్లవాడు ఇద్దరి ముఖాలూ చూచి, "తాతా, స్వరాలు ఒకటే అయితే రాగం ఎట్లా వేరవుతుంది?" అని అడిగాడు. పెద్దాయన జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న మా వెంట ఇంటికి వచ్చింది.

పిల్లవాని ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. మార్వాలో ఉన్నవి ఆరే స్వరాలు. పంచమం బొత్తిగా లేదు. మన పరిభాషలో చెప్పవలెనంటే షడ్జం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. వారు రిషభాన్ని కోమలమనీ, మధ్యమాన్ని తీవ్రమనీ, తక్కిన వానిని శుద్ధములనీ వ్యవహరిస్తారు. మన పద్ధతిలో 53వ మేళమైన గమనశ్రమనుంచి పంచమాన్ని తొలగిస్తే మిగిలేవి ఇవే. హంసానంది స్వరాలూ ఇవే. పెద్దాయన చెవి తప్పు వినలేదు.

అయితే ఈ స్వరాలే హిందూస్థానీలోనే మరి రెండు రాగాలకు కూడా ఆధారమై ఉన్నాయి. ఒకటి పూరియా, రెండవది సోహనీ. పూరియా మంద్రస్థాయిని ఆశ్రయించి, గాంధార నిషాదాలమీద నిలుస్తూ, లోతుగా, నెమ్మదిగా నడిచే రాగం. గాంధారానికీ నిషాదానికీ పరస్పరం పొందిక ఉన్నది. ఒకటి పిలిస్తే ఒకటి పలుకుతుంది. సోహనీ దృష్టి ఎప్పుడూ పైకే. అది తారషడ్జం చుట్టూ తిరుగుతుంది, చురుకైనది, చపలమైనది. దానిని రాత్రి చివరి భాగంలో పాడతారు. ఇక మార్వా రిషభ ధైవతాలను పట్టుకొంటుంది. ఆ రెండూ దానికి ముఖ్య స్వరాలని పండిత విష్ణు నారాయణ భాత్ఖండే (1860–1936) నిర్ణయించారు. విచిత్రమేమంటే ఈ కోమల రిషభానికీ ఈ ధైవతానికీ సంవాదం కుదరదు. ఒక ఇంటికి రెండు మూలస్తంభాలు నాటి, వానిమీద ఒకే దూలం సరిగా కూర్చోకుండా వదిలినట్లుంటుంది. వినేవాని మనస్సుకు ఎక్కడా ఆనుకొనే చోటు చిక్కదు.

అంతకంటె పెద్ద విశేషం షడ్జాన్ని గురించినది. ఏ రాగానికైనా షడ్జం సొంత ఇల్లు. ఎంత దూరం తిరిగినా స్వరం అక్కడికి చేరి సేదదీరుతుంది. మార్వా పాడేవాడు మాత్రం ఆ ఇంటి ముందునుంచే నడిచిపోతాడు, లోపలికి పోడు. మంద్ర నిషాదంనుంచి బయలుదేరి, షడ్జాన్ని దాటి, దానిని ఆనుకొని ఉన్న కోమల రిషభంమీద నిలబడిపోతాడు. గాంధారానికి పోతాడు, ధైవతానికి పోతాడు, మరల రిషభానికే వస్తాడు. ఇక ఇప్పుడు షడ్జం పలుకుతాడు అనుకొన్నప్పుడు పలుకడు. ఎంతోసేపటికి ఒక్కసారి తాకుతాడు, తాకి వెళ్లిపోతాడు. ఉస్తాద్ అమీర్ ఖాన్ (1912–1974) విలంబగతిలో పాడిన మార్వా రికార్డును విన్నవారికి ఈ నిరీక్షణ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. సూర్యుడు అస్తమించాడు, దీపం ఇంకా వెలిగించలేదు, ఇంటికి రావలసినవారు ఇంకా రాలేదు. మార్వా ఆ క్షణానికి చెందిన రాగం.

ఇప్పుడు పిల్లవాని ప్రశ్నకు తిరిగి వద్దాము. సామగ్రి ఒకటే అయినప్పుడు వస్తువులు వేరెట్లా అవుతాయి? ఈ ప్రశ్న సంగీతానికి మాత్రమే సంబంధించినది కాదు. మన దర్శనకారులు దీనిని నూలునూ గుడ్డనూ ఉదాహరణగా తీసుకొని చర్చించారు. వైశేషికులు దారాలకంటె గుడ్డ వేరైన వస్తువే అన్నారు. దారాలలో లేని ఒక కొత్త పదార్థం దారాల కూడికలో పుడుతుందని వారి వాదం. సాంఖ్యులు ఒప్పుకోలేదు, గుడ్డ దారాలలో ముందే దాగి ఉన్నది, ఇప్పుడు వ్యక్తమైనది అంతే అన్నారు. బౌద్ధులు మరింత ముందుకు పోయి, దారాలు తప్ప గుడ్డ అనేదే లేదు, అది మనము పెట్టుకొన్న పేరు మాత్రమే అన్నారు.

మగ్గం గుంట ప్రక్కన పెరిగినవారము గనుక ఈ వాదంలో మాకూ ఒక మాట చెప్పే అధికారం ఉన్నదనుకొంటాము. ఒకే అంగడిలో కొన్న ఒకే నూలు ఒక మగ్గంమీద దుప్పటి అవుతుంది, ఇంకొక మగ్గంమీద చీర అవుతుంది. పడుగు అదే, పేక అదే. తేడా నేతలో ఉన్నది. ఏ పోగు పైకి లేచినది, ఏది అణగినది, పేక ఎక్కడ ఆగినది: ఇదే వస్తువును నిర్ణయిస్తుంది. రాగమూ ఇట్టిదే. ఏ స్వరాలు ఉన్నాయన్నది ప్రశ్న కాదు. ఎక్కడ నిలిచావు, దేనిని దాటిపోయావు, దేనికోసం ఎదురుచూచావు అన్నది ప్రశ్న. మనిషి కూడా తన ఆస్తివల్ల మనిషి కాడు. ఒకే ఊరు, ఒకే చదువు, ఒకే ఉద్యోగం ఉన్న ఇద్దరు రెండు రాగాలు కావచ్చును. వారు నిలిచిన చోట్లు వేరు గనుక.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. రాగాలను వేరుచేసేది కాలమే గదా, మార్వాను సాయంకాలం పాడతారు, సోహనీని రాత్రి చివర పాడతారు, అంతమాత్రమే కదా భేదం అని. కాలనియమానికి పండితులు చెప్పే లక్షణాలు లేకపోలేదు. కోమల రిషభం, శుద్ధ గాంధారం కలిసి వస్తే అది సంధ్యారాగమన్నారు. మధ్యమం శుద్ధమైతే భైరవ్‌వలె ఉదయసంధ్యకూ, తీవ్రమైతే పూర్వీ, మార్వాలవలె సాయంసంధ్యకూ చేర్చారు. కాని మార్వా స్వరాలే కదా సోహనీలోనూ ఉన్నవి! ఒకే స్వరాలు ఒకచోట సూర్యాస్తమయాన్నీ, మరొకచోట రాత్రి చివరి యామాన్నీ సూచిస్తున్నాయంటే గడియారం స్వరాలలో లేదన్నమాట. అదీ నడకలోనే ఉన్నది. మార్వాను ఉదయం పాడితే ఆకాశం విరిగి పడదు. నేడు ఫోనులో మీట నొక్కితే ఏ వేళనైనా వినవచ్చును. అయినా ఆ వేళదాకా ఆగే గాయకుడు ఆగుతూనే ఉన్నాడు. ఏకాదశినాడు అన్నం విషమైపోతుందని ఎవరూ ఉపవాసముండరు. తనకు తాను పెట్టుకొన్న హద్దువల్ల ఆ దినానికి ఒక విలువ ఏర్పడుతుంది గనుక ఉంటారు. షడ్జాన్ని వదలి నడవడం కూడా మార్వా తనకు తాను పెట్టుకొన్న ఉపవాసం.

ఉపవాసానికి అర్థం ఉండవలెనంటే ఇంట అన్నం ఉండవలె. అన్నం లేనివాని పస్తు ఉపవాసం కాదు. ఈ సామెతవంటి మాట ఎంత నిజమో మాకు ఆ పెద్దాయన హార్మోనియమే తెలియజేసింది.

పాఠకులలో ఇంట హార్మోనియం ఉన్నవారు ఈ పరీక్ష స్వయంగా చేసి చూడవచ్చును. నల్లమెట్లు మాత్రమే వాయించండి. ఒక్కొక్క స్థాయిలో అవి అయిదు: రెండింటి గుంపు ఒకటి, మూడింటి గుంపు ఒకటి. మూడింటి గుంపులో మొదటిదానిని షడ్జంగా తీసుకొని పైకి పొండి. అది మోహన, సంగీతం నేర్వబోయే తెలుగుపిల్ల గీతాల పాఠంలోనే కలుసుకొనే ప్రసన్నమైన రాగం. హిందూస్థానీలో దానిని భూప్ అంటారు. అందులో వ్యథ లేదు, వెలితి లేదు. ఇప్పుడు ఆ మూడింటి గుంపులోనే రెండవ, మూడవ నల్లమెట్ల నడుమ ఉన్న తెల్లమెట్టును ఒక వేలితో క్రిందిస్థాయిలో అదిమి ఉంచండి. దానిని విడువకుండా అవే నల్లమెట్లు, అదే వరుసలో మరల వాయించండి. మోహన మాయమవుతుంది. గదిలో సాయంకాలం అవుతుంది. మీరు వాయిస్తున్నది మార్వా.

మీరు వాయించిన అయిదు స్వరాలలో ఒక్కటీ మారలేదు. క్రింద మ్రోగుతున్న షడ్జం ఒక్కటే కొత్తగా వచ్చినది. మార్వాలోని ధైవతమే మోహనకు షడ్జం, నిషాదమే రిషభం, ఆ దిగులు నిండిన కోమల రిషభమే అక్కడ హాయిగా కూర్చున్న గాంధారం, గాంధారం పంచమమైంది, తీవ్ర మధ్యమం ధైవతమైంది. హార్మోనియం శ్రుతులు సూక్ష్మంగా సరిపోవని పండితులు అంటారు, నిజమే. కాని సంగతి గ్రహించడానికి అవి చాలును. మార్వాలోని విరహమంతా గాయకుడు పాడే స్వరాలలో లేదు. అతడు పాడని స్వరంలో ఉన్నది. ఆ స్వరాన్ని అతని వెనుక కూర్చున్న తంబురా పలుకుతూ ఉంటుంది. మామూలుగా తంబురాలో ఒక తంతి పంచమానికీ, తక్కినవి షడ్జానికీ శ్రుతి చేస్తారు. పంచమం లేని మార్వాకు ఆ ఒక్క తంతినీ తరచు నిషాదానికి మారుస్తారు. షడ్జపు తంతులు మాత్రం మారవు. అవి మ్రోగుతున్నంతసేపు గాయకుడు ఇంటికి దూరంగా ఎంతసేపు తిరిగినా అతడు ఇల్లు గలవాడే. తంబురా ఆగిపోయినదా, వినేవాని చెవి ధైవతాన్నే కొత్త షడ్జంగా స్వీకరిస్తుంది. ఎవరూ గమనించకుండానే మార్వా మోహన అయిపోతుంది.

మా ధర్మసందేహం ఇక్కడ మొదలయింది. మోహన చెడ్డ రాగమా? కాదు. మంగళకరమైనది, సుఖకరమైనది. మార్వాలోని దిగులు మంచిదా? మంచిదని ఎవరంటారు? మరి షడ్జాన్ని మరచిపోతే దిగులు పోయి సుఖం వస్తున్నప్పుడు, దానిని మరవకూడదని పట్టుబట్టడం దేనికి? మనవంటి ప్రవాసాంధ్ర కుటుంబాలన్నీ నోటితో అనకపోయినా మనస్సులో వేసుకొంటున్న ప్రశ్న ఇదే అని మా నమ్మకం. మూడు తరాల క్రిందట వదలివచ్చిన పల్లె పేరు మన పిల్లలకు తెలియదు. వారు మరాఠీలో కలలు కంటారు. కర్ణాటకంలో ఉన్నవారి పిల్లలు కన్నడంలో కంటారు, తమిళనాట ఉన్నవారి పిల్లలు అరవంలో కంటారు. వారికి వెలితి ఏమీ లేదు. వెలితి మనకే ఉన్నది. మన వెలితిని వారికి వారసత్వంగా ఇవ్వడం న్యాయమా? దిగులును దాయభాగంగా పంచే తండ్రి ఎక్కడైనా ఉన్నాడా?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన సభలలో తెలుగు మరచినవారిని ద్రోహులవలె మాట్లాడటం పరిపాటి అయినది. అది న్యాయం కాదు. కొత్త షడ్జాన్ని స్వీకరించి హాయిగా మోహన పాడుకొనేవాడు ఏ పాపమూ చేయలేదు. మనుష్యజాతి చరిత్ర అంతా వలసలే. ఎన్నో కుటుంబాలు ఎన్నో భాషలను విడిచి ఎన్నో భాషలను పట్టుకొన్నాయి. వారి సంతతి మనకంటె తక్కువైనది కాదు. పైగా షడ్జానికి ఒక నిర్ణీతమైన శ్రుతి లేదన్నది సంగీతంలో మొదటి పాఠం. ఎవరి గొంతుకు తగిన షడ్జం వారిది. నా షడ్జమే షడ్జం, పొరుగువానిది అపశ్రుతి అనేవాడు సంగీతం తెలియనివాడు.

అయినా మేము తంబురా ఆపరాదనే అంటాము. అందుకు రెండు కారణాలు చెబుతాము.

మొదటిది: తెలిసి మారడం వేరు, తెలియక జారడం వేరు. ఇప్పుడు భూప్ పాడతాను అని తంబురాను మరల శ్రుతి చేసి పాడేవానికి నమస్కారం. కాని తంతి ఎప్పుడు తెగినదో తెలియక, తాను ఇంకా మార్వాయే పాడుతున్నాననుకొనేవాడు ఏమి పాడుతున్నాడో అతనికే తెలియదు. ఎన్నుకోవడానికి రెండు ఉండవలె. మన పిల్లలకు తెలుగు వినిపించకుండా పెంచి, వారు తెలుగును వద్దనుకొన్నారని అనడం సత్యం కాదు. వారు వద్దనుకోలేదు. వారికి మనము ఇవ్వలేదు. ఈ నేరంలో మేమూ భాగస్థులము. మా నాయన తన చెల్లెలికి రాసి, ఆమె పోయిన తర్వాత తిరిగి మా ఇంటికి చేరిన ఉత్తరాల కట్ట ఒకటి మా పెట్టెలో ఉన్నది. మా పిల్లలు వాటిని చదవలేరు. బడిలో మార్కులు తగ్గుతాయని మేము వారికి తెలుగు అక్షరాలు నేర్పలేదు. అప్పుడు అది వివేకమని తోచినది. ఈనాడు ఆ కట్ట చూచినప్పుడు అది వివేకమని తోచడం లేదు.

రెండవది: ఆ కోమల రిషభం. షడ్జానికి అతి సమీపంలో ఉండి షడ్జం కాలేని స్వరం అది. షడ్జం వెనుక మ్రోగుతుంటే దాని పలుకులో ఎంత ఆర్ద్రత ఉన్నదో, మ్రోగకపోతే అంత సామాన్యమైన స్వరమైపోతుంది. మన ఇళ్లలో పిల్లలు మాట్లాడే తెలుగు అట్టిది. సగం మరాఠీ కలిసినది, విభక్తులు తప్పినది, యాస మారినది. ఊరినుంచి బంధువులు వచ్చినప్పుడు దానికి నవ్వుతారు. మనమూ సిగ్గుపడి వారితోపాటు నవ్వుతాము. అప్పటినుంచి ఆ పిల్లవాడు మాట్లాడటం మానుకొంటాడు. అది తప్పిన షడ్జం కాదు, అది కోమల రిషభం. ఇంట షడ్జం మ్రోగుతూ ఉంటే దానికంటె మనస్సును కరిగించే స్వరం లేదు. మ్రోగని ఇంట అది వట్టి తప్పుమాట. ఆ మాటకు విలువ కట్టేది పిల్లవాడు కాదు, వెనుక మ్రోగవలసిన మనము.

దిగులును గురించిన ఆక్షేపణకూ సమాధానం ఇందులోనే ఉన్నది. మార్వా దిగులు లేమివల్ల పుట్టినది కాదు. ఒక్క షడ్జంతో ఉన్న సంబంధంవల్ల పుట్టినది. సంబంధం ఉన్నచోట దూరం తెలుస్తుంది; దూరం తెలిసినచోట వ్యథ ఉంటుంది. వ్యథ వద్దని సంబంధాన్నే తెంచుకొంటే, పోగొట్టుకొన్నది వ్యథ మాత్రమే కాదు. మనము పిల్లలకు ఇవ్వవలసినది మన దిగులు కాదు, మన షడ్జం. దానిమీద వారు విరహమే పాడుకొంటారో, ఆనందమే పాడుకొంటారో వారి ఇష్టం. హంసానందిలో అదే షడ్జం, అవే స్వరాలు. కాని ఆ పెద్దాయన షడ్జానికి వచ్చి వచ్చి హాయిగా నిలుస్తారు. మనుమడు దానిని దాటి దాటి పోతాడు. తాతదీ నిజమే, గురువుగారిదీ నిజమే.

షడ్జాన్ని నిలుపుకొన్నవాడు ఇతరులకు తలుపు మూసుకొంటాడేమో అన్న భయం కొందరికి ఉన్నది. మాకు దగ్గరిలోనే ఉన్న మిరజ్ పట్టణం దానికి సమాధానం. తంబురాల తయారీకి పేరుపొందిన ఆ ఊరిలో ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) స్థిరపడి ఉండేవారు. ఆయన ఉత్తరదేశంలో పుట్టిన మహమ్మదీయ గాయకుడు, కిరానా సంప్రదాయానికి మూలపురుషులలో ఒకరు. మైసూరు ఆస్థానానికి రాకపోకల వలన దక్షిణాది సంగీతంతో పరిచయం కలిగి, త్యాగరాజస్వామివారి "రామ నీ సమానమెవరు" అనే కీర్తనను గ్రామఫోను రికార్డుగా ఇచ్చారు. తెలుగు ఆయన భాష కాదు. అయినా తెలుగు పాడినందువల్ల ఆయన కిరానా గాయకుడు కాకుండా పోలేదు; పైగా ఇంకా గొప్పవాడయ్యారు. భాత్ఖండేగారు 1904లో దక్షిణదేశ యాత్ర చేసి ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులవారిని దర్శించారు. దీక్షితులవారి "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథం ఆ సంవత్సరమే, తమిళదేశం నడుమ, తెలుగు లిపిలో వెలువడింది. మేళకర్తల పద్ధతిని పరిశీలించిన ఆ మహారాష్ట్ర పండితుడు తన సంగీతపు రాగాలను పది థాట్‌లుగా ఏర్పరిచారు. ఎవరి షడ్జంమీద వారు నిలిచి ఒకరి మాట ఒకరు విన్నందువల్లనే ఇది సాధ్యమైనది.

ఇక పెద్దలమైన మన కర్తవ్యమేమి? సంగీతసభలో మనము గాయకులము కాము. ఆ ఆసనం మన పిల్లలకు పోయినది. మనము వారి వెనుక తంబురా పట్టుకొని కూర్చున్నవారము. తంబురా వాయించేవాని ధర్మం చిన్నదిగా కనిపిస్తుంది కాని సులభమైనది కాదు. అతడు గాయకుని మించి మ్రోగరాదు. తాళం వేయరాదు. నీవు షడ్జానికి ఎందుకు రాలేదని గాయకుని గద్దించరాదు. అతడు ఎటు పోయినా తాను కదలరాదు. అన్నిటికంటె ముఖ్యం, ఆపరాదు. మనలో చాలమంది దీనికి విరుద్ధంగా చేస్తున్నాము. పండుగనాడు వేదికమీద షడ్జాన్ని గొంతు చించుకొని అరుస్తాము. మరునాటినుంచి ఏడాదిపాటు తంతి ముట్టము. ఇంట బువ్వ పెట్టేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు, దీపం పెట్టేటప్పుడు మెల్లగా మ్రోగవలసిన మాట అది. ఈ రోజులలో తంబురా మ్రోగించే యంత్రాలు వచ్చాయి. ఒక్కడే కూర్చుని సాధన చేసేవానికి అవి ఎంతో ఉపకారం. కాని ఇంటి భాషకు అట్టి యంత్రం ఎవరూ కనిపెట్టలేదు. అక్కడ మనిషే కూర్చోవలె.

ఆ పిల్లవాడు ఇప్పుడు మార్వా మొదటికంటె బాగా పాడుతున్నాడు. రిషభంమీద నిలవడానికి ధైర్యం వచ్చినది. పెద్దాయన ఇది హంసానంది అని ఇప్పుడు అనడం లేదు. తంబురాను తామే శ్రుతి చేసి, కళ్లు మూసుకొని మీటుతూ కూర్చుంటారు. మనుమడు షడ్జానికి వచ్చినప్పుడు మాత్రం తల ఒక్కసారి ఊపుతారు.

మేము కూడా ఒక పని మొదలుపెట్టాము. సాయంకాలం దీపం పెట్టిన తర్వాత మా నాయన ఉత్తరాలలో రోజుకొకటి తీసి బిగ్గరగా చదువుతున్నాము. అందులో పెద్ద సంగతులేమీ లేవు. నూలు ధర, వాన, ఎవరికో జ్వరం, అందరినీ అడిగినట్లు చెప్పమనడం. మనుమరాలు ఆ గదిలోనే ఏదో వ్రాసుకొంటూ ఉంటుంది. వింటున్నావా అని మేము అడగలేదు. మొన్న మాత్రం ఒక ఉత్తరం చదవడం ముగిసిన తర్వాత, తల ఎత్తకుండానే, "తాతా, ఆమెకు జ్వరం తగ్గింది కా?" అని అడిగింది.

తగ్గినదో లేదో రేపటి ఉత్తరంలో చూద్దామని చెప్పాము.